తలుపు మూసుకోని మస్టాంగ్

ఉత్తరం చాలా పొడుగు. కుదించి చెబుతున్నాం. రాసినాయన డెట్రాయిట్ శివారులో ఉంటున్న 44 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండేళ్ల కిందట పక్క రాష్ట్రం నుంచి 1966 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ (గుడ్డ టాపు మడిచేసే కారు) కొన్నారు. ఎర్ర రంగు, తెల్ల టాపు, 289 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు. ధర 17,500 డాలర్లు. "పూర్తిగా రీస్టోర్ చేసిన బండి" అన్నాడట అమ్మినతను. ఫొటోల్లో మెరిసిపోయింది, ఈయన కింద దూరి చూడలేదు. ఇంటికి తెచ్చి కార్పెట్ ఎత్తితే ఫైబర్‌గ్లాస్ అతుకులు, వాటి కింద తుప్పు. ఒకరోజు టైరు కోసం ఓ పక్క జాకీ పెట్టి లేపితే డ్రైవరు తలుపు తెరుచుకుంది గానీ మళ్లీ మూసుకోలేదు. జాకీ దించాకే మూసుకుంది.

ఆ కంగారులో సీట్లు, కార్పెట్లు, ముందు ఫెండర్లు, బంపర్లు, చిరిగిన టాపు అన్నీ విప్పేశారు. బోల్టులన్నీ కాఫీ డబ్బాల్లో కలిసిపోయాయి. కొత్త టాపు కిట్టు, క్రోము బంపర్లు, సీటు కవర్లు, ఇంకా ఏవేవో కలిపి 9,200 డాలర్ల సామాను కొన్నారు. అందులో 6,000 క్రెడిట్ కార్డు మీద ఉంది, ఆ సంగతి భార్యకు తెలియదు. ఒక షాపులో చూపిస్తే బాడీ, పెయింటుకు 46,000 అడిగారు. రెండు చలికాలాలుగా ఆవిడ కారు బయట మంచులోనే ఉంటోంది. ఆవిడ అడిగే మాట ఒకటే: "ఈ కారు బాగవుతుందా అని నేను అడగట్లేదు. ఎప్పటికి అంటున్నా. అదైనా చెప్పు."

మే నెలలో నాన్నగారు ఆరు నెలలకు వస్తున్నారు. వయసు 70. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. వీడియో కాల్‌లో తుప్పు చూసి, "గ్యాస్ వెల్డింగ్ సెట్టు ఒకటి తెచ్చిపెట్టరా, నెల్లో ఫ్లోరు వేసేస్తా" అన్నారట. ఇక ప్రశ్నలు: బాగు చేయనా, అమ్మేయనా? నాన్నను వెల్డింగ్ చేయనివ్వనా? వచ్చే శనివారం తలుపులు కూడా విప్పి రంగు గీకడం పూర్తి చేయనా? కొత్త టాపు ఇప్పుడే వేసేస్తే కనీసం చూడ్డానికి కారులా ఉంటుంది కదా?

సమాధానం

మూడో ప్రశ్నకు గడువు ఉంది కాబట్టి ముందు అది. తలుపులు విప్పకండి. విప్పకుండా మీరు వదిలేసింది ఆ రెండే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న కొలబద్దలూ ఆ రెండే. మస్టాంగ్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు, రేకులన్నీ కలిసే ఛాసిస్. పైకప్పు ఉన్న కారులో బరువు కొంత కప్పు మోస్తుంది. కన్వర్టిబుల్‌లో ఆ మోత అంతా తలుపు కింద పొడుగునా ఉండే రాకర్ మీద, దాని కొసల్లో రాకర్‌ను బాడీకి కలిపే టార్క్ బాక్సులనే రేకు పెట్టెల మీద పడుతుంది. అందుకే ఫోర్డ్ వాళ్లు ఈ మోడల్‌కు లోపలి రాకర్ మందంగా పెట్టి, ముందు టార్క్ బాక్సులు రెండు పక్కలా ఇచ్చి, ముందు సీట్ల కింద అదనపు పలకలు వేశారు. మీరు జాకీ పెట్టినప్పుడు జరిగింది ఇదీ: ఆనిక నడుము దగ్గర పడింది, ఇంజన్ బరువు ముందుకు, ఇరుసు, ట్యాంకు బరువు వెనక్కు వేలాడాయి, పట్టు తప్పిన నడుము వంగింది, తలుపు గొళ్లెం స్తంభం మీది కొక్కేనికి ఎదురుగా రాలేదు. తలుపులు విప్పేసి ఫ్లోరు కోస్తే బాడీ ఎటు వంగినా మీకు తెలియదు. వంగిన చోటే వెల్డు చేసేస్తారు. రంగు కూడా అయ్యాక తలుపు పెట్టి చూస్తే మూసుకోదు. ఇళ్లలో మొదలుపెట్టిన కన్వర్టిబుళ్లు సగంలో ఆగేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు మాటవరసకు రాసినట్టుంది గానీ ఉత్తరంలో అన్నిటికన్నా కలవరపెట్టిన వాక్యం అదే: పాప గరాజులో మీ పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటుండగా గ్రైండరుతో పాత రంగు గీకారు. 60ల నాటి కార్ల రంగుల్లో, ప్రైమర్లలో సీసం ఉండేది. బాడీ అతుకుల దగ్గర ఫ్యాక్టరీలోనే సీసం కలిసిన సోల్డరు నింపేవారు. గ్రైండరు దాన్ని కంటికి కనబడని ధూళి చేసి ఇంట్లోకి తెరుచుకునే తలుపు దాకా పంపుతుంది. పిల్లల డాక్టరుకు ఇదే మాట చెప్పి పాపకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. పిల్లల్లో డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ దృష్టి పెట్టమంటుంది. గరాజును చీపురుతో ఊడ్చొద్దు, బ్లోయరుతో ఊదొద్దు. తడిగుడ్డతో తుడవండి, హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడండి. పని బట్టలు గరాజులోనే విప్పి విడిగా ఉతకండి. పాత బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడూ ఇదే జాగ్రత్త, ఆ ధూళిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పని జరిగేటప్పుడు పాప ఆ గదిలోకే రాకూడదు.

ఇక కారు. బాగు చేయడమా, అమ్మడమా అన్నది ఈరోజు తేల్చే విషయం కాదు. మీకు ఇంకా కారు సంగతే తెలియదు. ఫొటోల్లో చూసి కొన్నారు, కంగారులో విప్పారు, ఎక్కడా కొలవలేదు. ఒక్క శని, ఆదివారాల పనితో అది తెలుస్తుంది, ఖర్చు ఇరవై డాలర్లు దాటదు.

మొదట నంబరు. ముందు ఫెండర్లు విప్పారు కాబట్టి డ్రైవరు వైపు, ఇంజన్ పక్కన ఉండే లోపలి ఏప్రన్ రేకు మీద కొట్టిన నంబరు ఇప్పుడు బాగా కనిపిస్తుంది. టైటిల్‌తో (యాజమాన్య పత్రంతో) అక్షరం అక్షరం సరిచూడండి. మొదటి అంకె 6 అంటే 1966. తర్వాతి అక్షరం ఎఫ్ అయితే డియర్‌బోర్న్, ఆర్ అయితే శాన్ హోసే, టి అయితే మెటూచెన్ ఫ్యాక్టరీ. తర్వాత 08 ఉండాలి, అదే కన్వర్టిబుల్. 07 ఉంటే అది కప్పు కోసేసిన హార్డ్‌టాప్, పైన చెప్పిన బలాలేవీ దానికి ఉండవు. అలాంటప్పుడు ఈ సమాధానంలో మిగతాది చదవక్కర్లేదు, లాయరును కలవండి. 08 తర్వాత సి ఉంటే రెండు బ్యారెళ్ల కార్బురేటరుతో 200 హార్స్‌పవర్ 289, ఎ ఉంటే నాలుగు బ్యారెళ్ల 225. ఫోర్డ్ తయారీ రికార్డుల నుంచి తీసి ఇచ్చే మార్టీ రిపోర్టు తెప్పించమని ఎవరైనా సలహా ఇస్తే పట్టించుకోకండి, ఆ రికార్డులు 1967 మోడళ్ల నుంచే ఉన్నాయి.

తర్వాత తలుపు సందు. కారు నాలుగు చక్రాల మీద సమతలంగా ఉండగా, తలుపు వెనక అంచుకూ బాడీకీ మధ్య సందును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవండి. కొలతకు ప్రత్యేక పరికరం అక్కర్లేదు, డ్రిల్లు బిట్ల నున్నటి కాడలు చాలు. 3/16 అంగుళం బిట్టు కాడ పట్టీపట్టనట్టు దూరితే బాగున్నట్టు. పైన ఇరుకై కింద వెడల్పైతే నడుము దిగిందన్నమాట. రెండు పక్కలా రాసుకోండి. ఆ తర్వాత ముందు చక్రం వెనకాల ఫ్రేమ్ రైలు (బాడీలోనే కలిసి ఉన్న పొడవాటి రేకు దూలం) కింద జాకీ పెట్టి, చక్రం నేల వదిలేదాకా లేపి, మళ్లీ అదే మూడు చోట్ల కొలవండి. జాకీ కారు కింద మీరు దూరొద్దు. తేడా 1/16 లోపు ఉండి తలుపు గొళ్లెం పడితే కంగారు అక్కర్లేదు, ఓపెన్ కారు ఆ మాత్రం కదులుతుంది. 1/8 దాటితే ఆ పక్క నిర్మాణం పోయింది. డ్రైవరు పక్క జవాబు మీకు తెలిసినట్టే. కుడి పక్క ఏమంటుందో చూడాలి.

ఇక స్క్రూడ్రైవరు. రాకర్ లోపలి వైపు, టార్క్ బాక్సులు, ముందు ఫ్రేమ్ రైలు ఫ్లోరులో కలిసే చోటు, సీటు పీఠం మూలలు, వెనక స్ప్రింగు ముందు కొస తగిలించిన చోటు, బ్యాటరీ కింది ఏప్రన్. గట్టిగా పొడవండి. మంచి రేకు ఠంగుమంటుంది, పోయింది బిస్కెట్టులా కరకరలాడుతుంది. వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం చుట్టూ ఉండే రేకు) కింది భాగం మీద అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కోకపోతే అది పుట్టీ. పైన పటారం లోన లొటారం అన్నది ఈ కార్ల కోసమే పుట్టిన సామెతలా ఉంటుంది.

అసలు పరీక్ష చివరిది. ముందు అద్దం కింద గాలి పీల్చే జల్లెడ లాంటిది ఉంది చూశారా, దాని కింది పెట్టెను కౌల్ అంటారు. కార్పెట్ తీసే ఉంది కదా. ఫ్లోరు పొడిగా తుడిచి, ఆ జల్లెడలోకి చెంబుతో రెండు గ్యాలన్ల నీళ్లు నెమ్మదిగా పోయండి. టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద చూడండి. నీరు రెండు పక్కలా, ముందు చక్రాల వెనక నుంచి బయటికి పోవాలి. హీటరు దగ్గరో, డ్రైవరు కాళ్ల దగ్గరో చుక్క పడిందంటే కౌల్ లోపలి అంచులు తుప్పుతో తినేశాయి. పాత యజమాని ఫ్లోరుకు ఫైబర్‌గ్లాస్ ఎందుకు అతికాడో కూడా అప్పుడు అర్థమవుతుంది. కారే కౌల్ కింద కొత్త ఫ్లోరు వేయడం కారే కప్పు కింద ధాన్యం పోయడమే. దాన్ని సరిగ్గా బాగు చేయాలంటే పై పలకను పట్టుకున్న పదుల కొద్దీ స్పాట్ వెల్డులను డ్రిల్లుతో తొలిచి, పలక ఎత్తి, లోపల కొత్త రేకు వేసి, మళ్లీ మూయాలి. డాష్, అద్దం అన్నీ విప్పాలి. మీ నిర్ణయాన్ని తిప్పేది ఈ చుక్కే.

ఈ కొలతలు చేతికొచ్చాక మీ ముందు నాలుగు దారులు ఉంటాయి.

కౌల్ పొడిగా ఉండి, తుప్పు ఫ్లోరుకూ ఒక పక్క టార్క్ బాక్సు, రాకర్లకే పరిమితమైతే ఇంట్లో చేయొచ్చు. వరుస తప్పకూడదు. ముందు పెట్రోలు ట్యాంకు దించాలి. ఈ కారులో ట్యాంకు పై భాగమే డిక్కీ ఫ్లోరు, అది ఉండగా డిక్కీ పక్కన నిప్పు రవ్వ పడకూడదు. బ్యాటరీ తీసేయండి. గరాజులో గ్యాస్ వాటర్ హీటరు ఉంటే పెట్రోలు పని అక్కడ అసలే వద్దు. కారును ముందు సస్పెన్షన్ దగ్గర ఫ్రేమ్ రైళ్ల కింద రెండు, వెనక ఇరుసు కింద రెండు స్టాండ్ల మీద నిలిపి, తలుపు సందు పైనా కిందా సమానమయ్యేదాకా పలచటి రేకు ముక్కలు పెట్టి సర్దండి. అప్పుడు ఒక అంగుళం చదరపు గొట్టాలతో తలుపు గుమ్మానికి అడ్డంగా, ఏటవాలుగా ఊతాలు వెల్డు చేయాలి. ఊతాలు క్యాబిన్ లోపలి వైపు ఉండాలి, తలుపు పెట్టి మూసి చూడ్డానికి అడ్డురాకూడదు. ఆ తర్వాతే కోత. ఒక పక్క టార్క్ బాక్సు, రాకర్, ఫ్లోరు పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోండి. రెండు రాకర్లు ఒకేసారి కోస్తే మధ్యలో పట్టుకునేది ఏమీ ఉండదు.

వెల్డింగుకు మిగ్ యంత్రం (తీగను తనే అందించే కరెంటు వెల్డింగ్), 0.023 అంగుళం తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. పాత స్పాట్ వెల్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే కొత్త రేకుకు 5/16 అంగుళం చిల్లులు చేసి, కింద రేకు మెరిసేలా గీకి, మధ్యలో జింకు ప్రైమరు కొట్టి, చిల్లు నింపుతూ ప్లగ్ వెల్డు వేయాలి. అంచుకు అంచు కలిపే చోట అంగుళానికో చుక్క పెట్టి, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక ఇంకో చోట. తొందరపడి గీత లాగితే రేకు అప్పడంలా అలలు తేలుతుంది. చివర ఎపాక్సీ ప్రైమరు, అతుకులకు సీమ్ సీలరు. పని ఆపాక అరగంట గరాజు వదలొద్దు, పాత తారు పూతలో నిప్పు నిదానంగా రాజుకుంటుంది. మీకు నెలకు రెండు శనివారాలు, ఆరేసి గంటలు దొరుకుతున్నాయని రాశారు. ఏడాదికి 144 గంటలు. కొత్తగా వెల్డింగ్ నేర్చుకుంటున్న మనిషికి బాడీ నిర్మాణమే ఆ గంటలన్నీ తినేస్తుంది, పెయింటు దగ్గరికి కూడా రారు. ఈ దారి పడితే ఆవిడకు చెప్పాల్సింది ఒకటిన్నర, రెండేళ్లు.

కౌల్ కారినా, రెండు రాకర్లూ పోయినా రెండో దారి: నిర్మాణం మాత్రం షాపుకు, మిగతాది ఇంట్లో. మీకు 46,000 చెప్పింది బాడీ, పెయింటు అంతా కలిపి. దాన్ని విడగొట్టమనండి: కౌల్ ఇంత, రాకర్లు, టార్క్ బాక్సులు ఇంత, ఫ్లోరు ఇంత, ఎపాక్సీ ప్రైమరు దాకా, తలుపులు మూసుకుని సందు సమానంగా ఉండేలా. రంగు వద్దు. ఆ చివరి షరతు కాగితం మీద ఉండాలి. మిషిగన్‌లో రిపేరు షాపు పని మొదలుపెట్టక ముందే రాతపూర్వక అంచనా ఇవ్వాలి, అడగడానికి మొహమాటం దేనికి? మస్టాంగులు బాగా తెలిసిన ఇంకో రెండు చోట్లా అడగండి. నిజానికి మీ పరిస్థితికి మాకు ఎక్కువగా నచ్చేది ఈ దారే. ప్రాణం మీదకు వచ్చే పని చేయి తిరిగినవాళ్లు చేస్తారు. బ్రేకులు, ఇంజను, వైర్లు, లోపలి అలంకరణ లాంటి మిగతా పనులు శనివారాల్లో ఒక్కడే చేసుకోదగ్గవి. ఇబ్బంది డబ్బు. కార్డు బాకీ తీరకుండా ఈ దారి పట్టడం ఇంకో కార్డు గీకడమే అవుతుంది.

మూడోది, తుప్పు ఊహించినంత లేకపోతేనే: నిర్మాణం సరిచేసి, రంగు జోలికి పోకుండా నడిచే బండిగా తయారు చేయడం. పాత ఎరుపు మచ్చలతోనే ఉంటుంది, క్రోము పాతదే. కానీ రోడ్డెక్కుతుంది. ఇందులో బ్రేకుల దగ్గర మాత్రం పాతదనం మీద మోజు పెట్టుకోకండి. 1966లో మాస్టర్ సిలిండరుకు ఒకటే గది. ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడల్ నుంచి రెండు గదులు వచ్చాయి. రెండు గదుల సిలిండరు, కొత్త ఉక్కు గొట్టాలు, మూడు రబ్బరు హోసులు, వీల్ సిలిండర్లు వేయించుకోండి. టైర్ల గోడ మీది నాలుగంకెల తేదీ చూడండి, గీతలు లోతుగా ఉన్నా పదేళ్లు దాటితే తీసేయాల్సిందే.

రెండేళ్లుగా ఆగిన ఇంజన్‌కు తాళం తిప్పి చూడాలన్న ఆశ ఆపుకోండి. పాత పెట్రోలు తీసి పారేసి, రబ్బరు గొట్టాలు ఎథనాల్ తట్టుకునేవి వేసి, స్పార్కు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో రెండు చెంచాల నూనె పోసి ఒకరోజు ఉంచండి. క్రాంకు బోల్టుకు పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పండి. తిరిగితే, డిస్ట్రిబ్యూటరు పైకి తీసి, పావు అంగుళం ఆరు పలకల సాకెట్టును పొడవాటి కాడకు బిగించి, డ్రిల్లుతో అపసవ్యంగా తిప్పితే ఆయిలు పంపు తిరుగుతుంది, ఇంజన్ పైన వాల్వులను కదిపే రాకర్ ఆర్ముల దాకా నూనె వస్తుంది. ఇక్కడో ముప్పు ఉంది. డిస్ట్రిబ్యూటరు లాగేటప్పుడు పంపు కాడ దానికి అంటుకుని సగం దూరం పైకొచ్చి, జారి ఆయిలు తొట్టిలో పడుతుంది. అది పడితే ఈ కారులో తొట్టి దించడం ఒక రోజు పని. నెమ్మదిగా, టార్చి వేసి చూస్తూ లాగండి. సాకెట్టును టేపుతో కాడకు చుట్టండి. తీసే ముందు రోటరు ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోండి. మళ్లీ కలిపేటప్పుడు ఫైరింగ్ క్రమం 1-5-4-2-6-3-7-8. ఆయిలు ఫిల్టరుతో కలిపి 5 క్వార్టులు, జింకు ఎక్కువున్నది, పాత క్యాముకు అది కావాలి.

25 ఏళ్లు దాటిన బండికి మిషిగన్‌లో హిస్టారిక్ నంబరు ప్లేటు దొరుకుతుంది. దాంతో క్లబ్బు కార్యక్రమాలకు, ప్రదర్శనలకు వెళ్లొచ్చు, ఆగస్టు నెలంతా మామూలుగానూ తిప్పుకోవచ్చు. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల పండగ డ్రీమ్ క్రూజ్ కూడా ఆగస్టులోనే. అక్కడికి మచ్చల కారుతో వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

నాలుగోది అమ్మకం. ఇది ఓటమని మీరు రాసిన ధోరణికి మేం ఒప్పుకోం, కాకపోతే లెక్క చేదుగా ఉంటుంది. 1966లో 72,119 మస్టాంగ్ కన్వర్టిబుళ్లు తయారయ్యాయి. అరుదైన బండి కాదు, విప్పేసి ఉన్నదానికి మీరు పెట్టింది తిరిగి రాదు. కొంతైనా రావాలంటే రెండు పనులు చేయండి. కాఫీ డబ్బాల్లోని బోల్టులను ఫ్యాక్టరీ అసెంబ్లీ మాన్యువల్ బొమ్మలు చూస్తూ సంచుల్లో వేసి పేర్లు రాయండి. సామాను పెట్టెల్లో ఉన్న బండికీ, లెక్క కట్టి పేర్లు రాసిన బండికీ కొనేవాడు ఒకే ధర చెప్పడు. ఇంకా విప్పని కొత్త సామానును వెనక్కి ఇవ్వగలిగితే ఇచ్చి, మిగిలింది విడిగా అమ్మండి. మీకు అమ్మినతను చేసినట్టు మీరు చేయొద్దు. కౌల్ సంగతి, తలుపు సంగతి కాగితం మీద రాసి, కొనేవాడి సంతకం తీసుకోండి.

ఇక నాన్నగారు. వద్దనడం ఎలా అని మీరు మథనపడుతున్నారు, నిజానికి వద్దనాల్సింది గ్యాస్ మంటను మాత్రమే. లారీ బాడీ రేకు మందం వేరు, దాని కింద ఛాసిస్ వేరు. మస్టాంగ్ ఫ్లోరు రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. గ్యాస్ మంట వేడి జానెడు మేర పాకి రేకును మెలిపెడుతుంది, టార్క్ బాక్సు దగ్గర అయితే కొలతే మారిపోతుంది. ఈ మాట కొడుకు చెబితే నొచ్చుకుంటారేమో. పాత ఫ్లోరు నుంచి కోసిన ముక్కలు రెండు ఆయన ముందు పెట్టి, ఒకటి మంటతో, ఒకటి మిగ్‌తో అతకమనండి. చల్లారాక రెంటి మీదా స్కేలు ఆనించి చూసుకుంటారు. నలభై ఏళ్లు కరిగిన లోహం చూసిన కంటికి మిగ్ ట్రిగ్గరు అలవాటు కావడానికి ఎక్కువ రోజులు పట్టదు, మీకన్నా ముందు నేర్చుకుంటారు.

ఆయన చేతిలో ఉన్నదీ, ఇక్కడి షాపులు గంట లెక్కన ఎక్కువ తీసుకునేదీ ఇంకొకటి ఉంది: టింకరింగ్. ఫెండర్ల మీద సొట్టలు, తలుపుల కింది అంచులు, హుడ్ మూలలు. వెనక డాలీ అనే ఇనప దిమ్మె ఆనించి ముందు సుత్తితో తట్టి తీయడం, సాగిన రేకును రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి తడిగుడ్డతో అద్ది ముడుచుకునేలా చేయడం ఆయనకు తెలిసే ఉంటుంది. ఒక పెద్ద పుట్టీ డబ్బా మిగులుతుంది, రంగు వేశాక అలలు కనబడవు. విప్పిన ఫెండర్లను బల్ల మీద పెట్టి నిలబడి చేసుకునే పని, కారు కింద దూరక్కర్లేదు. రంగు తీసింది కెమికల్ స్ట్రిప్పరుతో అయి, ఆ పని పెరట్లో, చేతి తొడుగులతో జరిగితే ధూళి గొడవా ఉండదు. బరువులు ఎత్తనివ్వకండి. విజిటర్ ఇన్సూరెన్సు ఏం కవర్ చేస్తుందో రాకముందే చదివి పెట్టుకోండి. తలుపు సందు సర్దే రోజున మాత్రం ఆయన్ని పక్కన నిలబెట్టుకోండి.

రంగు స్ప్రే చేయడం మాత్రం ఆయనైనా, మీరైనా ఇంట్లో వద్దు. ఇప్పటి రెండు భాగాల యూరెథేన్ రంగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్కు ఆపదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి. అతుక్కుని ఉన్న గరాజు అసలే వద్దు.

ఇంటి విషయం చివరికి పెట్టాం గానీ, ఆరు వేల సంగతి నాన్నగారు దిగకముందే ఆవిడకు చెప్పాలి. కారణం ఉంది. మామగారు ఇంట్లో ఉండగా ఆవిడ గొంతెత్తి అడగలేరు. ఆరు నెలలు మౌనంగా ఉంటారు, మీరు దాన్ని ఒప్పుకోలు అనుకుంటారు. ఆయన ఫ్లైటు ఎక్కిన మర్నాడు ఆ మాటలన్నీ ఒకేసారి వస్తాయి. చెప్పేటప్పుడు మనసులో కోరిక, చిన్ననాటి కల అంటూ మొదలుపెట్టకండి. కార్డు స్టేట్‌మెంటు, మీరు కొలిచిన కాగితం, వెనక్కి పంపగల సామాను చిట్టా బల్ల మీద పెట్టండి. ఆవిడ అడిగింది తేదీ. రెండో దారి పడితే షాపు ఇచ్చిన తేదీ చెప్పండి. మొదటి దారి పడితే ఒక పక్క పూర్తయ్యే తేదీ చెప్పి, అది దాటితే అమ్మకానికి పెడతానని రాసివ్వండి. ఏ దారైనా ఈ చలికాలం లోపు ఆవిడ కారు గరాజులోకి రావాలి. మస్టాంగ్ షాపులో ఉంటే అది దానంతటదే జరుగుతుంది. ఇంట్లోనే ఉంటే నవంబరు నుంచి మార్చి దాకా నెలకింత ఇచ్చి స్టోరేజీలో పెట్టడం కూడా ఈ కారు ఖర్చే, లెక్కలో రాసుకోండి. నాన్నగారి ఆరు నెలలు ఎటూ వేసవివే.

మిగిలింది తెల్ల టాపు. ఇప్పుడు వేస్తే కారులా కనిపిస్తుంది, నిజమే, కానీ మళ్లీ విప్పాల్సి వస్తుంది. టాపు కొలత ఫ్రేముది, ఫ్రేము కొలత తలుపు అద్దాలది, అద్దాల కొలత తలుపులది, తలుపులది రాకర్లది. నడుము సరిచేసిన రోజున తలుపు కొస పావు అంగుళం జరిగినా, అంతకుముందు బిగించిన టాపు అద్దాల మీద గాలి సందు వదులుతుంది. అది వేసే రోజు వచ్చినప్పుడు వరుస ఇదీ: అద్దాలు, రబ్బర్లు సర్ది ఫ్రేము సరిచూడటం, ప్యాడ్లు, వెనక కిటికీ తెర, పక్క కేబుళ్లు, ఆపైన టాపు గుడ్డ, తుప్పు పట్టని స్టేపుల్సుతో. జూన్, జూలై ఎండలోనే వేయాలి, చలిలో వినైల్ సాగదు. వేశాక కొన్ని వారాలు మడవకూడదు. వెనక్కి పంపే ఉద్దేశం లేకపోతే పెట్టెను మాత్రం ఈరోజే విప్పండి. రెండేళ్లుగా ఆ గుడ్డ మడతలోనే ఉంది, మడత దగ్గర గీత శాశ్వతంగా పడిపోతుంది. బయటికి తీసి, వదులుగా చుట్ట చుట్టి, పాత దుప్పట్లో పెట్టి, ఇంటి లోపల మంచం కింద ఉంచండి.